గేర్ ఆయిల్ బద్నామ్

"లక్ష దాటిన ఆటోమేటిక్ కారుకి గేర్ ఆయిల్ మారిస్తే బాక్స్ ఖతమ్." కొండకర్లలో నాకు అందరూ ఇచ్చిన నసీహత్ ఇదే. మా కారు 1,60,000 కిలోమీటర్లు తిరిగింది, గేరు పడితే ఝట్కా. వారానికి రెండుసార్లు అమ్మీని విశాఖకు డయాలసిస్‌కి తీసుకెళ్లేది అదే. దారిలో ఆగితే?

అనకాపల్లి ఉస్తాద్ ఆయిల్ చుక్క తెల్లగుడ్డ మీద వేశాడు. కొత్తది ఎర్రగా ఉంటుంది. మాది గోధుమరంగు, మాడు వాసన మాత్రం లేదు.

"మాడిందంటే క్లచ్ ప్లేట్లు అరిగినట్టే భాయ్. అవి ఎలాగూ పోతాయి, బద్నామ్ కొత్త ఆయిల్‌కి" అన్నాడు.

ప్రెషర్‌తో కడగలేదు. దిగినంత దింపి, కంపెనీ చెప్పిన రకమే అంతే కొలిచి పోశాడు. టార్క్ కన్వర్టర్‌లో పాతది మిగిలిపోతుంది కాబట్టి నెల తర్వాత మళ్లీ మార్చాం.

ఝట్కా తగ్గింది, పూర్తిగా పోలేదు. ఎవరి మాటైనా వినేముందు ఆయిల్ వాసన చూడండి.