గాలికి ఎదురుగా

మా చెల్లెలు నన్నెప్పుడూ ఏ పనికీ అడగదు. అలాంటిది 2021 డిసెంబరులో ఒకనాడు పొద్దున్నే వచ్చి, "అన్నయ్యా, దానికి నువ్వే బుద్ధి చెప్పాలి. నీ మాటైతే వింటుంది" అంది.

"అది" అంటే నా మేనకోడలు. అప్పుడు ఇంటర్ రెండో సంవత్సరం. ఇంజనీరింగు వద్దట, డాక్టరీ వద్దట, విమానం నడుపుతుందట! మా ధరణికోట ఒకప్పటి ధాన్యకటకం. కృష్ణలో పడవలు నడిపినవాళ్ళకు కొదవ లేదుగాని, విమానం నడిపిన ఆడపిల్ల సంగతి మాత్రం నేను వినలేదు.

నాకో ఉపాయం తోచింది. ఆ విమానం ఎంత చిన్నదో కళ్ళారా చూపిస్తే మోజు తీరిపోతుంది. అందుకు గన్నవరం పనికిరాదు, అక్కడివి పెద్ద విమానాలు. మాచర్ల అవతల విజయపురి సౌత్‌లో నాగార్జునసాగర్ ఎయిర్‌స్ట్రిప్ ఉంది. టిక్కెట్టు కొని ఎక్కే ప్రయాణికులక్కడ లేరు, కొత్తగా నేర్చుకునేవాళ్ళే.

సత్తెనపల్లి, పిడుగురాళ్ళ, మాచర్ల దాటి, ఒళ్ళు హూనమై, కంచె ఇవతల నిలబడ్డాం. చాలాసేపు ఎండ తప్ప ఏమీ లేదు. తరువాత మోత వినిపించింది. సెస్నా 152. రెండే సీట్లు, 110 గుర్రాల ఇంజను! ఎంతమంది ఎక్కినా ఇంకొకరికి చోటుండే పుష్పకాన్ని ఇరవై ఏళ్ళుగా క్లాసులో వర్ణిస్తున్న నాకు, చెప్పొద్దూ, జాలేసింది.

"మామయ్యా, అటునుంచే ఎందుకు లేస్తోందో చెప్పు చూద్దాం."

"దారి అటుంది గనక" అన్నాను.

నవ్వింది. "గాలి ఎదురొస్తోంది గనక. ఎదురుగాలిలో పరుగెత్తితే రెక్కలకు తగిలే గాలి వేగం పెరుగుతుంది. తక్కువ దూరంలోనే లేస్తుంది."

లైసెన్సుకు 200 గంటలు ఎగరాలని, ఇంటర్లో లెక్కలు, ఫిజిక్సు ఉండాలని, వైద్యపరీక్ష గట్టిగా ఉంటుందని ఏకరువు పెట్టింది. "డబ్బో?" అన్నాను. ఆ ఒక్కదానికీ జవాబు చెప్పలేదు. విమానం లేస్తుంటే మాత్రం చెయ్యి ఊపింది. సిగ్గు విడిచి నేనూ ఊపాను.

ఇంటికొచ్చి చెల్లెలితో, "చదవనీవే" అన్నాను. అది నన్ను చూసిన చూపు ఇక్కడ రాయను.

2022 ఫిబ్రవరి 26. అక్కణ్ణుంచే లేచిన సెస్నా 152 ఒకటి నల్లగొండ జిల్లా పెద్దవూర మండలం తుంగతుర్తి దగ్గర పొలాల్లో కూలిపోయింది. ఒంటరిగా నడుపుతున్న విద్యార్థిని చనిపోయింది. చెల్లెలు ఫోన్ చేసి, "చూశావా?" అని మాత్రం అంది. తిట్టినా బాగుండేది.

సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాను. "నేను పొరబడ్డానమ్మా. వద్దు" అన్నాను. పిల్ల కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"ఆ రోజు మనం చెయ్యి ఊపామే మామయ్యా, లోపల ఆమే ఉందేమో" అంది.

నాకు నోట మాట రాలేదు. తల్లి షరతు మీద పిల్ల బి.యస్సీ.లో చేరింది. నేను మళ్ళీ ఆ ఊసెత్తలేదు. పిరికితనమే అనుకోండి.

డిగ్రీ అయిపోయింది. మొన్న సంక్రాంతికి చెల్లెలు వచ్చి, పొలం కాగితాలు నా ముందు పెట్టి, "అమ్మితే ఎంతొస్తుందో కనుక్కో అన్నయ్యా" అంది.

ఎందుకని నేను అడగలేదు. కళ్ళజోడు కోసం వెతుక్కున్నాను.