నవల – పరిభాష

కొత్త ప్రక్రియ పుట్టిన వెంటనే దానికి తగిన పేరు దొరకదు. తెలుగు నవల విషయంలోనూ ఇదే జరిగింది. నరహరి గోపాలకృష్ణమ సెట్టి 1872లో ‘శ్రీరంగరాజ చరిత్ర’ను వెలువరించి, దానిని ‘నవీన ప్రబంధం’గా పేర్కొన్నారు. 1886లో కర్నూలు జిల్లా మాన్యువల్‌ను కూర్చినవారు కూడా వీరే. కందుకూరి వీరేశలింగం 1878 నాటి తన ‘రాజశేఖర చరిత్ర’ను ‘వచన ప్రబంధం’ అన్నారు. ఆ గ్రంథాన్ని విమర్శించిన కాశీభట్ట బ్రహ్మయ్యశాస్త్రి ప్రయోగించిన ‘నవల’ అనే పదమే చివరకు స్థిరపడింది. పాఠకుడు తాను గుర్తించిన కొత్తదనాన్ని పదిమందికి చెప్పడానికి ఆ పదం అవసరమైంది. సాహిత్య పరిభాష పుట్టుక అంతా ఇటువంటిదే.

విద్యార్థికి ఈ పదాలు మొదట కంఠస్థం చేయవలసిన భారంగా తోస్తాయి. తెలిసిన ఊరికి అన్వయించుకుంటే ఆ భారం తగ్గుతుంది. కడప జిల్లా వేముల మండలంలోని తుమ్మలపల్లె మెట్టసీమ గ్రామం. యురేనియం గని వల్ల దేశమంతటా పేరు తెలిసిన ఊరు. దీని ఆధారంగా ఒక నవల రాయదలచిన రచయితను ఊహించుకుందాం.

బోరు ఎండింది, చీనీతోట నరికేశారు, కొడుకు పట్నం వెళ్ళాడు. సంఘటనలను ఇలా వరుసగా చెబితే అది కథ. బోరు ఎండినందువల్ల తోట పోయింది, తోట మీది అప్పు తీరనందువల్ల కొడుకు ఊరు విడిచాడు అని కార్యకారణాలతో అల్లితే అది కథా సంవిధానం. ఆంగ్ల రచయిత ఇ.ఎం. ఫార్‌స్టర్ 1927లో ఈ రెండింటి భేదాన్ని స్పష్టంగా వివరించారు. ఈ సంఘటనలన్నింటి వెనుక ఉన్న విషయం, అంటే నీటి కోసం మనిషి పడే ఆరాటం, ఆ నవలకు వస్తువు.

పొలాన్ని వదులుకోలేని తండ్రి, గనిలో ఉద్యోగం కోరే కొడుకు ఒకే ఇంట్లో ఉంటే అక్కడ సంఘర్షణ పుడుతుంది. తండ్రి మనసులోనే ఆ రెండు కోరికలూ పెనుగులాడితే అది అంతస్సంఘర్షణ. ఆ పెనుగులాటలో మనిషి మారే తీరును చూపడం పాత్రచిత్రణ. ఇదే కథను తండ్రి చెబితే ఒక విధంగా, కొడుకు చెబితే మరొక విధంగా వినిపిస్తుంది. కథను ఎవరి కళ్ళతో చూస్తున్నామో తెలిపేది దృష్టికోణం.

కథ జరిగే దేశకాలాలను నేపథ్యం అంటారు. బండి నారాయణస్వామి ‘శప్తభూమి’కి పద్దెనిమిదో శతాబ్దపు అనంతపురం సీమ నేపథ్యం. సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి ‘కొండపొలం’లో కరువు నాళ్ళలో నీటినీ మేతనూ వెతుకుతూ గొర్రెల మందలు నల్లమల అడవికి వెళ్తాయి. ఉద్యోగం దొరకని చదువుకున్న యువకుడు ఆ మంద వెంట నడుస్తాడు. ఇక్కడ అడవి తెర మీది బొమ్మ కాదు; అతనిలోని పిరికితనాన్ని పోగొట్టే శక్తి. నేపథ్యం పాత్రను మలిచే తీరుకు ఇది చక్కని ఉదాహరణ.

రచయిత మాటలను ఎన్నుకొని కూర్చే పద్ధతి శైలి. పాత్ర ‘ఎక్కడికి’ అనక ‘యాడికి’ అంటే పాఠకుని చెవికి ఆ సీమ వినబడుతుంది. మాండలికం అలంకారం కోసం కాక, పాత్ర బతుకు నుంచి రావాలి.

నవల నచ్చింది, నచ్చలేదు అనడానికి పరిభాష అక్కరలేదు. ఎందుకు నచ్చిందో చెప్పడానికి మాత్రం అది కావాలి. కరువును చూసిన విద్యార్థికి నవలలోని కరువు నిజమో కాదో తెలుస్తుంది. అతని అనుభవం పదిమంది ఎదుట తీర్పుగా నిలవాలంటే దానికి మాటలు ఉండాలి. ఆ మాటలే సాహిత్య పరిభాష.