కందనవోలు పొయ్యిలు

కర్నూలుకు కందనవోలు అని పాతపేరు. అలంపురం గుళ్లకు రాళ్లు తోలే బండ్లు తుంగభద్ర దాటే ముందు ఇక్కడ ఆగి ఇరుసులకు కందెన వేసుకునేవనీ, కందెన దొరికే ఊరు గనుక కందెనవోలు అయిందనీ జనం చెప్పుకుంటారు. పండితులు దీన్ని ఒప్పుకోవచ్చు, ఒప్పుకోకపోవచ్చు. నాకు మాత్రం ఈ కథ ఇష్టం. పేరు పెట్టుకోవలసి వచ్చినప్పుడు మన ఊళ్లు సాధారణంగా దేవుణ్ణో రాజునో ఆశ్రయిస్తాయి. ఈ ఊరి జనం బండివాణ్ణీ గానుగవాణ్ణీ తలచుకున్నారు.

కొన్నేళ్లుగా పనిమీద ఏటా రెండు మూడుసార్లు కర్నూలు పోతున్నాను. పోయినప్పుడల్లా ఒక పూట పాతబస్తీలో కాలినడకన తిరుగుతాను. చూడవలసినవి అని పుస్తకాలు చెప్పేవి మొదటి రెండు పర్యాయాల్లోనే అయిపోతాయి. అచ్యుతదేవరాయల నాటి కోటలో మిగిలిన కొండారెడ్డి బురుజు ఒకటి, బీజాపూరు సుల్తానుల తరపున ఊరిని ఏలిన అబ్దుల్ వహాబుకు హంద్రీ ఒడ్డున కట్టిన గోల్ గుమ్మటం మరొకటి. నవాబుల పాలన 1839 దాకా సాగింది. గులాం రసూల్ ఖాన్ రహస్యంగా ఆయుధాలు పోగుచేస్తున్నాడని కంపెనీవారు అతన్ని పట్టి తిరుచిరాపల్లికి పంపారు. తర్వాత 1953 అక్టోబరు 1 నుంచి మూడేళ్ల పాటు ఇది ఆంధ్రరాష్ట్రానికి రాజధాని. గుడారాలు వేసి కచేరీలు నడిపారు. 1956లో రాజధాని హైదరాబాదుకు లేచిపోయింది. ఈ మాత్రం చరిత్ర బడిపిల్లవాడు కూడా అప్పజెబుతాడు. మూడోసారి నుంచి నేను పొయ్యిల దగ్గర నిలబడడం మొదలుపెట్టాను. ఏలినవాళ్ల సంగతి గోడలు చెబితే, ఏలబడినవాళ్ల సంగతి చెప్పడానికి పొయ్యి తప్ప మరేమీ మిగలలేదని నా ఉద్దేశం.

పాతబస్తీలో తెల్లవారితే ఉగ్గాని. ఉగ్గాని అంటే ఏమిటో కోస్తా మిత్రులకు చెప్పవలసి ఉంటుంది. బొరుగులను నీళ్లలో ముంచి, మెత్తబడగానే పిండి, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ, పసుపుతో వేసిన తాలింపులో కలిపి, పైన పుట్నాల పొడి చల్లుతారు. పక్కన మిరపకాయ బజ్జీ తప్పదు. బజ్జీ లేని ఉగ్గాని ఇక్కడ సగం మాటతో సమానం. అనంతపురంలోనూ బళ్లారిలోనూ కూడా ఇదే అలవాటు.

ఇందులో నాకు కనిపించిన విశేషం బొరుగుల్లోనే ఉంది. వడ్లను నానబెట్టి, ఉడకబెట్టి, ఎండబోసి, దంచిన బియ్యానికి ఉప్పునీళ్లు పట్టించి, కాగిన ఇసుకలో వేస్తే బొరుగులు పేలతాయి. దోసెడు బియ్యం బుట్టెడవుతుంది. వరి పండని గడ్డ మీద, బియ్యం పండగనాటి తిండిగా ఉన్న రోజుల్లో, బియ్యాన్ని ఇంతకన్నా పొదుపుగా వాడుకునే ఉపాయం ఏముంటుంది? ఉగ్గాని తిన్నవాడికి కడుపు నిండినట్టే ఉంటుంది. నిండినట్టుండడానికీ నిండడానికీ మధ్య ఉన్న తేడా రాయలసీమకు బాగా తెలుసు. ఆ తేడాను కారం కప్పిపుచ్చింది. రుచి కోసమే సీమవాడు కారం తింటాడని రాసే పెద్దమనుషులు, పిడికెడు కూరతో పళ్లెం సంగటి మింగవలసిన మనిషికి కారం చేసే సాయమేమిటో ఆలోచించినట్టు లేదు.

బొరుగుల బట్టీ దగ్గర ఒకసారి అరగంట నిలబడ్డాను. అంతకన్నా నిలబడలేకపోయాను. ఇసుక కాగే మూకుడు ముందు మనిషి రోజల్లా కూర్చుంటాడు. ఊక మంట, ఊక పొగ. ఉగ్గానిని పొగిడే వ్యాసాలు నాలుగైదు చదివాను కానీ ఈ మనిషి వాటిలో ఎక్కడా కనబడలేదు.

సాయంత్రమైతే రొట్టెల పొయ్యిలు. జొన్నపిండిలో వేడినీళ్లు పోసి మర్దించి, అరచేతులతో తట్టి, పెనం మీద వేసి తడిగుడ్డతో అద్దుతారు. జొన్నపిండికి గోధుమకు ఉండే జిగట ఉండదు. రొట్టె విరగకుండా అంచుదాకా పలచగా సాగాలంటే చేతికి ఏళ్ల అభ్యాసం కావాలి. తట్టేవాళ్లంతా ఆడవాళ్లే. పెద్ద హోటళ్లు కూడా వీళ్లనే పిలిపించుకుని, వచ్చిపోయేవాళ్లకు కనబడేలా కూర్చోబెడుతున్నాయి. రొట్టెకు తోడు గుత్తివంకాయ, బుడ్డల కారం. వేరుశనగను కర్నూలులో బుడ్డలంటారు, కడపకు పోతే చెనిక్కాయలంటారు. రెండు జిల్లాల మధ్య పేరు మారుతుంది, పంటను దెబ్బతీసే ఎండ మారదు.

ఈ మధ్య హైదరాబాదులోనూ బెంగుళూరులోనూ ‘రాయలసీమ రుచులు’ అని బోర్డులు పెట్టుకున్న హోటళ్లు వెలిశాయి. రాగిసంగటి, నాటుకోడి పులుసు, వాటితోపాటు గోడ మీద ఒక కత్తి, ఒక మీసం. మన తిండికి గౌరవం వచ్చిందని సంతోషించేవాళ్లున్నారు. సంతోషించడానికి నాకు అభ్యంతరం లేదు. అయితే ‘మన’ అనే మాట దగ్గర కొంచెం ఆగాలి. రాగీ జొన్నా ఏనాడో ఆఫ్రికా నుంచి వచ్చిన గింజలు. కొర్రను మొదట సాగుచేసింది చైనావాళ్లు. మిరప, వేరుశనగ అమెరికా ఖండాల నుంచి సముద్రాలు దాటి వచ్చాయి. ఈ నేల మీద కండ కరిగించిన రైతు వాటిని మనవి చేశాడు, ఏ రక్తమూ ఏ రాజూ చేయలేదు. ఇంకొక మాట. కర్నూలు నల్లరేగడి జొన్న సీమ. ఇక్కడి ముసలివాళ్లు సంగటి అంటే జొన్నసంగటి, కొర్రసంగటి అనే చెబుతారు. రాగిసంగటి ఎక్కువగా కడప, చిత్తూరు వైపు ముద్ద. బోర్డు రాసినవాడికి సీమంతా ఒకటే ముద్ద.

ఆ ముద్ద వెనక ఉన్నది 1876-78 నాటి కరువు. ధాత సంవత్సరంలో మొదలైంది గనుక ధాత కరువన్నారు. మద్రాసు రాజధానిలో అన్నిటికన్నా ఎక్కువ దెబ్బతిన్న జిల్లాల్లో కర్నూలు, కడప, బళ్లారి ఉన్నాయి. 1877 జనవరి 1న లిట్టన్ ప్రభువు ఢిల్లీలో విక్టోరియా రాణిని చక్రవర్తినిగా చాటి విందులు చేశాడు. అదే నెలలో అతను పంపిన రిచర్డ్ టెంపుల్ దొర, కరువు పనుల్లో మట్టి మోసే మగవాడికి రోజుకు ఒక పౌను ధాన్యమూ, పైన ఒక అణా చాలునని లెక్కగట్టాడు. పౌనంటే ఇప్పటి తూకంలో 454 గ్రాములు. కార్నిష్ అనే డాక్టరు, మద్రాసు ప్రభుత్వపు ఆరోగ్యాధికారి, ఈ లెక్క మనుషుల్ని చంపుతుందని వాదించాడు. కూలి పెంచేసరికి నెలలు గడిచాయి. ఆ నెలల్లో పోయినవాళ్లు తిరిగి రాలేదు. తూకం రాయి పట్టుకుని మనిషి ఆకలిని కొలిచిన ఆ పద్ధతి మన చరిత్ర పుస్తకాల్లో అరపేజీకి మించి ఎందుకు దక్కించుకోలేదో నాకు అర్థం కాదు. 1952లో మళ్లీ సీమలో గంజి కేంద్రాలు పెట్టవలసి వచ్చింది.

నీళ్లు లేవా అంటే, ఊళ్లోంచే కాలువ పోతుంది. కాటన్ దొర ఆలోచన మీద మద్రాసు ఇరిగేషన్ కంపెనీ 1860ల్లో సుంకేశుల దగ్గర తుంగభద్రకు ఆనకట్ట కట్టి కడప దాకా తవ్వించిన కె.సి. కాలువ అది. పొలాలకు నీళ్లివ్వడమే కాదు, దాని మీద పడవలు కూడా నడపాలనుకున్నారు. పదిలక్షల పౌన్ల పెట్టుబడికి నూటికి అయిదు వడ్డీ వచ్చేలా ప్రభుత్వమే పూచీపడింది. రైతుకు అలాంటి పూచీ ఎవరూ ఇవ్వలేదు. వానకే జొన్న పండే రేగడిలో డబ్బిచ్చి నీళ్లు కొనడానికి అతను వెనకాడాడు. కంపెనీ దివాలా స్థితికి రాగా 1882లో ప్రభుత్వం కాలువను కొనుక్కుంది. తర్వాత తర్వాత కాలువ కింద వరి పచ్చబడింది. కాలువకు నాలుగు మైళ్ల అవతల చేను ఎండుతూనే ఉంది. నీటిలోనూ తిండిలోనూ ఊరు రెండుగా చీలింది ఇక్కడే. ఇంత ఎండుగడ్డను 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ కలిసి ముంచాయి. పాతబస్తీలో ఇప్పటికీ సామానుకూ పెళ్లికీ వయసుకూ వరద ముందు, వరద తర్వాత అనే లెక్క చెబుతారు.

కిందటిసారి పోయినప్పుడు రొట్టెలు తట్టే ఒక ముసలామెను అడిగాను:

“ఇంట్లో కూడా రొట్టేనా అవ్వా?”

ఆమె పెనం మీదినుంచి చూపు తిప్పకుండా నవ్వింది.

“ఇంట్లో ఎవరు తింటారు నాయనా? స్టోరు బియ్యమే. జొన్నలు కొనుక్కొని తినేంత ఉన్నోళ్లమా మేము?”

ఈ మాట విని కొందరు మిత్రులు నిట్టూరుస్తారు. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం వచ్చి సీమవాణ్ణి సోమరిని చేసిందనీ, చిరుధాన్యాలను చంపిందనీ వాళ్ల వాదం. నేను ఒప్పుకోను. పదితరాలు పండగకు మాత్రమే చూసిన అన్నాన్ని రోజూ తినే హక్కు దొరికితే జనం వదులుకుంటారా? వాళ్లు అన్నం కోరుకోవడంలో తప్పు లేదు. జొన్న, కొర్ర చేలు తగ్గి వేరుశనగ పెరగడానికి నూనె మార్కెట్టు కారణం, అప్పు కారణం. ఇప్పుడు పట్నాల్లో మధుమేహం వచ్చిన డబ్బున్నవాళ్లు డాక్టరు చెప్పగా కొర్రలు అడుగుతున్నారు, ధర లేచింది. తట్టే చేతికి రొట్టె అందకుండా పోయింది. దీనికి పరిష్కారం ఆ అవ్వ స్టోరు బియ్యం తీసేయడం కాదు. బియ్యంతోపాటు జొన్నా కొర్రా కూడా రైతు దగ్గర గిట్టుబాటు ధరకు కొని అదే స్టోరులో అమ్మమని అడగాలి. అడిగేవాళ్లు లేకపోలేదు. వాళ్ల గొంతు హోటలు బోర్డంత పెద్దది కాదు.

కడపకు పోయినా నేను చూసేది పొయ్యిలనే. ఎర్రకారం పూసిన దోసె పేరు విని వచ్చేవాళ్లు అక్కడ చాలామంది. దోసె సంగతి వాళ్లే రాస్తారు. నా కన్ను దోసె కింది అరుగు మీద పడింది. అది నల్లటి కడప బండ. బొంబాయి వంటిళ్లలో పొయ్యిగట్టుకు వేసే రాయిని ‘కడప్పా’ అనే పిలుస్తారు. ఈ జిల్లా పేరు అదని తెలియకుండానే అక్కడి ఇల్లాళ్లు రోజూ దాని మీద చపాతీ పిండి పిసుకుతారు. గనిలో ఆ బండను పొర విడదీసేవాడు మధ్యాహ్నం మూట విప్పి ఏం తింటాడో చూడాలని ఉంది. వచ్చేసారి ఎర్రగుంట్ల వైపు పోతాను.