నిప్పును పాలించు నేర్పు: నరసన్నపేటనుండి అరకులోయకు

నరసన్నపేట మైదానపు టూరు. వంశధార కాలువనీట పండు వరిచేలు చుట్టును గలవు. గ్యాసుపొయ్యి వచ్చిన పిదపను ఇచట కొన్ని యిండ్ల పెరళ్లలో బొగ్గులకుంపటి నిలిచియే యున్నది. బాలింతకు సాంబ్రాణిపొగ వేయవలెనన్నను, పచ్చడికి వంకాయ కాల్చవలెనన్నను అదియే దిక్కు. అయినను బొగ్గులు రాజవేయుట వేరు, రాజిన నిప్పును చెప్పుచేతలలో నుంచుకొనుట వేరు. ఈ రెండవ విద్యను కన్నులార చూచుటకు మేము అరకులోయకు పోయిన వైనమును సోదరీమణులకు విన్నవించుచున్నాము.

శ్రీకాకుళము, విజయనగరములమీదుగా శృంగవరపుకోట చేరితిమి. అచటినుండి కొండదారి. అనంతగిరి యెక్కునప్పటికి గాలి చల్లబడెను. సిల్వరుఓకు మ్రాకులకు మిరియపుతీగెలును, వాని నీడను కాఫీమొక్కలును కన్నుల పండువు చేసెను. 2022 ఏప్రిల్ 4 వరకు విశాఖపట్టణము జిల్లాలో నుండిన యీ సీమ యిప్పుడు అల్లూరి సీతారామరాజు జిల్లాలోనిది. లోయ సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల యెత్తున గలదు.

బాటప్రక్క పాకలలో పచ్చివెదురు బొంగులు నిప్పులపై వరుసగా నుండెను. అదియే యిచట పేరొందిన ‘బొంగులో చికెన్’. అల్లము, వెల్లుల్లి, పసుపు, కారము పట్టించిన కోడిముక్కలను బొంగులో కూరి, మూతిని ఆకులతో బిగింతురు. నూనెచుక్క వేయరు. అరగంట మొదలు ముప్పాతికగంటవరకు బొంగును త్రిప్పుచు కాల్తురు.

ఆ పని చేయుచున్న గిరిజనవనిత కట్టెలమంట యణగి కణికలు తేలువరకు బొంగును దాపునకు రానీయలేదు. కారణ మడిగితిమి. “మంట మీద పెడితే బొంగు కాలిపోద్ది గానీ కోడి ఉడకదమ్మా” అని ఆమె నవ్వెను. నిప్పు చురుకైనచోట కణికలను పలుచగా పరచెను. మందగించినచోట దగ్గరకు చేర్చెను. ఒక బొంగు పగిలి రసము నిప్పులపాలైనచో ఆ పూట లాభమంతయు బూడిదయే. కావుననే ఆమె చూపు బొంగులనుండి మరలలేదు.

ఇందలి మర్మము మిగుల సులభము. ఎఱ్ఱని బొగ్గుల వేడి 700 డిగ్రీలవరకు నుండవచ్చును. కాని పచ్చివెదురునందును మాంసమునందును తేమ యున్నంతసేపు లోపలివేడి నీరు మరుగు మట్టమును దాటదు. ఆ యెత్తున నీరు 97 డిగ్రీలకే మరగును. వెలుపలి యుగ్రతను వెదురు తాను భరించి, లోనికి సౌమ్యమైన వేడినే పంపుచున్నది. అమరకోశమున శూలమునకు గ్రుచ్చి కాల్చిన మాంసమునకు శూల్యమనియు భటిత్రమనియు, కుండలో వండినదానికి ఉఖ్యమనియు పేళ్లు. బొంగులోనిది యీ రెంటికి నడిమిదని మాకు తోచినది.

మా యూర పచ్చివెదురు కోరినపుడెల్ల దొరకదు. కావున తిరిగివచ్చిన పిదప ఆ సూత్రమునే పొగవంటకు మట్టికాగులో పరీక్షించితిమి. కాగు అడుగుదాపున గాలి చొరుటకొక రంధ్రము, మూతకు పొగ వెడలుటకొక రంధ్రము చేయించి, రెంటికిని మట్టిబిళ్ల లమర్చితిమి. రాజిన సరుగుడుబొగ్గులను ఒక ప్రక్కకే చేర్చి, రెండవప్రక్క నీళ్లగిన్నె నుంచి, దానిపై ఇనుపజల్లెడమీద కోడిముక్కలు పరచితిమి. మా వారు మూతరంధ్రమున సూదివంటి ఉష్ణమాపకమును దింపి అంకెలు చదువుచుండ, మేము బిళ్లలు సవరించుచుంటిమి.

మొదట 170 డిగ్రీలు చూపెను. క్రిందిరంధ్రమును సగము మూసితిమి. కాలుగంటకు గాని వేడి 130కి దిగలేదు. వేడి యెక్కుట సులభము, దిగుట కష్టము. కావున కోరిన యంకెకు 10 డిగ్రీలు ముందే క్రిందిరంధ్రమును కుదింపవలెను. ఒకసారి సవరించిన పిదప కాలుగంట తాళవలెను. మాటిమాటికి మూత తీయరాదు. తీసినంతనే లోనివేడి పోవును, గాలి చొచ్చి బొగ్గు భగ్గుమనును. 110 మొదలు 130 డిగ్రీలు పొగవంటకు తగినవి.

పైరంధ్రమును మాత్రము పూర్తిగా మూయరాదు; పొగ లోన నిలిచి మాంసము చేదెక్కును. ఎండిన జామచెక్కలో, మామిడిచెక్కలో రెండు మూడు చాలును. దట్టమైన తెల్లపొగ చేదు నిచ్చును. పలుచని నీలిపొగ సువాసన నిచ్చును.

రుచికంటె ముఖ్యమైన సంగతులు రెండు కలవు. మా యింట వృద్ధులును పసివాండ్రును కలరు. సగముడికిన కోడి మొదట వారికే కీడు చేయును. ఎముకకు తగులకుండ మందపుముక్క నడుమ సూది గ్రుచ్చినపుడు 74 డిగ్రీలు చూపిన పిదపనే వడ్డింపవలెను. రంగును నమ్మరాదు; పొగపట్టిన మాంసము చక్కగా ఉడికినను గులాబిచాయగా నుండవచ్చును. రెండవది, బొగ్గునిప్పును ఏనాడును మూసిన గదిలో నుంచరాదు. దానినుండి వెలువడు కార్బన్ మోనాక్సైడునకు రంగు లేదు, వాసన లేదు. నిద్రలోనే ప్రాణము తీయును. చలికాలమున కుంపటి గదిలో పెట్టుకొని పరుండువారు దీనిని ముఖ్యముగా తెలిసికొనవలెను. నిప్పుపని యంతయు పెరటనే, గాలి యాడుచోటనే జరుగవలెను.

పొగవంట తలపెట్టు సోదరీమణులు మొదటిదినమున కాగులో మాంసము పెట్టకుండ బొగ్గులు మాత్రమే రాజవేసి, ఒక గంటసేపు ఆ రెండు బిళ్లలను సవరించుచు అంకెలు వ్రాసికొందురుగాక. తమ కాగు స్వభావము తెలిసిన పిదప కోడి కొనవచ్చును.