నల్లనీళ్లు, అయస్కాంతం

నేను చదివింది తమిళ మీడియం. తెలుగు అక్షరాలు రిటైరయ్యాక నేర్చుకున్నవి, తప్పులుంటే సర్దుకోండి.

మా తమ్ముడి కూతురు ఇక్కడే బెంగళూరులో పీహెచ్‌డీ చేస్తోంది. నాలుగు నెలలుగా ప్రయోగం కుదరలేదని దిగులుగా ఉండేది. "ఇనుపపొడి అయస్కాంతానికి అంటుకోవడానికి నాలుగు నెలలా?" అని ఎగతాళి చేసినవాళ్లలో నేనూ ఉన్నాను. పోయిన శనివారం "మీరే వచ్చి చూడండి పెదనాన్నా" అని ల్యాబుకు తీసుకెళ్లింది. (టాటా ఇన్‌స్టిట్యూటు, జక్కూరులో 1989లో మొదలైన సి.ఎన్.ఆర్. రావు గారి కేంద్రం, ఇలాంటి గేట్ల ముందే మన బస్సులు పోతాయి. లోపల ఏం జరుగుతుందో మనకు పట్టదు.)

రెండు రకాల ఇనుప లవణాలు కలిపిన నీళ్లలో అమ్మోనియా పోసింది. చూస్తుండగానే కాటుకలా నల్లబడింది. అది మాగ్నెటైటు. ఒక్కో రేణువు సుమారు 10 నానోమీటర్లు, అంటే మిల్లీమీటరులో లక్షోవంతు. అంత చిన్నవి కాబట్టి అయస్కాంతం తీసేయగానే మళ్లీ నీళ్లలో కలిసిపోతాయి, ఒకదాన్నొకటి పట్టుకుని ముద్ద కావు. వాటిమీద సిలికా పూత వేస్తారు. పూతలో సబ్బులాంటి మందు కలిపి తర్వాత కడిగేస్తే, అది ఉన్నచోట రంధ్రాలు మిగులుతాయి.

ఆ రంధ్రాల్లోకి కోడిగుడ్డు తెల్లసొనలో ఉండే లైసోజైము అనే ప్రోటీన్ పోవాలి. దానిది ప్లస్ చార్జి, సిలికాది మైనస్. అంటుకుంది, కానీ పైపైనే. లైసోజైము సుమారు 4.5 నానోమీటర్ల పొడవు, 3 వెడల్పు. రంధ్రం రెండున్నరే! పార్సిల్ ఆఫీసులో ముప్పయ్యేళ్లు కూర్చున్న నాకు అప్పుడు తెలిసింది. బీరువా బుక్ చేస్తే చాలదు, వ్యాను తలుపులో పట్టాలి కదా. నాలుగు నెలలూ ఆ తలుపు వెడల్పు చేయడానికే పోయాయి. సబ్బుమందులో ఒకరకం నూనె కలిపితే రంధ్రాలు పెరుగుతాయట. ఎక్కువైతే పూతే పాడవుతుంది.

ఇప్పుడు కుదిరిన పొడిని ప్రోటీన్ నీళ్లలో కలిపి, కాసేపు ఊపి, గొట్టం పక్కన అయస్కాంతం పెట్టింది. నలుపంతా ఒక గోడకు చేరింది, నీళ్లు తేటపడ్డాయి. ఉప్పునీళ్లు పోస్తే ప్రోటీన్ వదులుతుంది. 2020లో మన ముక్కులో పుల్ల పెట్టి తీసిన నమూనాలనుంచి వైరస్ ఆర్‌ఎన్‌ఏను చాలాచోట్ల ఇలాంటి అయస్కాంత రేణువులతోనే వేరుచేశారు.

పిల్ల జాతకం నన్ను అడిగిన ముగ్గురికీ ఇక్కడే చెబుతున్నాను. థీసిస్‌కు ఇంకా రెండేళ్లు. ఆగలేనివాళ్లు వేరే సంబంధం చూసుకోండి. చదువు మాన్పించమని మా తమ్ముడితో అన్నది నేనే. ఆ మాట తప్పని ఆదివారం వాడింటికెళ్లి చెప్పాను. వాడు కాఫీ ఇచ్చాడు, బదులు మాత్రం ఇంకా ఇవ్వలేదు.