గలగరాకు: ఇంటికొక కుండీ



కోయంబత్తూరు, మదురై పక్క ఉండే మన ఇండ్లలో ఒక మొక్కకు రెండు పేర్లు. వీధిలో కరిసలాంగణ్ణి, ఇంట్లో గలగరాకు. పూర్తి పేరు గుంటగలగర. ఇప్పుడు ఇంట్లో కూడా వీధి పేరే వినిపిస్తోంది. రెండో పేరు అవ్వల నోట మిగిలింది, అంతే. పేరుతో పాటు మొక్క కూడా మన చేతికి దూరమవుతోంది. అందుకే ఈ నాలుగు మాటలు.

ఇది చామంతి కుటుంబంలోదే. కానీ పువ్వు చొక్కా గుండీ అంతే, తెల్లగా ఉంటుంది. రేకులు రాలాక పచ్చని గింజల బొడిపె మిగులుతుంది. ఆకులు ఎదురెదురుగా, కోలగా, గరుకుగా ఉంటాయి. కాడను నలిపి కాసేపు ఉంచితే రసం నల్లబడుతుంది. గుర్తుపట్టడానికి అదే పెద్ద ఆనవాలు. తమిళంలో కరి అంటే నలుపు. కోవిల్‌పట్టి పక్క నల్లరేగడిని కరిసల్ అనేదీ ఆ నలుపు వల్లే. ఆ కరిసల్ నేలకు వలస వచ్చిన తెలుగువారి కథనే కి. రాజనారాయణన్ గారు 1976లో 'గోపల్ల గ్రామం' అని తమిళంలో నవలగా రాశారు. ఆయనదీ తెలుగు ఇల్లే. మన పేరులో మాత్రం గుంట ఉంది. నీళ్ళు నిలిచే గుంటల్లో, మడి గట్ల మీద మొలిచే మొక్క కదా!

మన పెద్దలు దీన్ని ఎప్పుడూ నాటలేదు. గట్టు మీద కోసుకొచ్చి పప్పులో వేసేవారు. రసాన్ని కొబ్బరినూనెలో పోసి, చిటపట ఆగేదాకా కాచి తలకు పట్టించేవారు. రసంలో గుడ్డను ముంచి, నీడలో ఆరబెట్టి, వత్తి చేసి, ఆముదం దీపం వెలిగించి, ఆ మసితో పిల్లలకు కాటుక చేసేవారు. వడలూరు వళ్ళలారు రామలింగ స్వామివారు కూడా ఈ ఆకును గొప్పగా చెప్పారు. అయితే ఒక మాట: కామెర్లు వస్తే పెద్దలు ఈ ఆకు మింగించేవారని, ఇప్పుడూ దాన్నే నమ్ముకుని ఇంట్లో కూర్చోవద్దు. ముందు డాక్టరు దగ్గరికి పోవాలి.

ఇప్పుడు మడులు ఇంటి స్థలాలయ్యాయి. గలగరాకు పోలేదు, సాక్కడ పక్కకు చేరింది. అక్కడ ఏపుగా పెరుగుతుంది, కానీ అది తినేది కాదు. ఆ నీటిలో ఉన్న విషం ఆకులోకి ఎక్కుతుంది. నొయ్యల్ నీళ్ళకు అద్దకం పనుల వల్ల ఏమైందో కోయంబత్తూరు, తిరుప్పూరు వాళ్ళకు చెప్పనక్కరలేదు. కాబట్టి తినాలంటే ఇంట్లో పెంచుకోవాల్సిందే.

పెంచడం సులువు. వెడల్పు కుండీలో బంకమట్టి, బాగా మాగిన పేడ ఎరువు కలపండి. ఎండిన బొడిపెను నలిపితే నల్లని సన్న గింజలు రాలుతాయి. వాటిని పైపైన చల్లండి, మట్టి కప్పవద్దు, మొలకకు వెలుతురు కావాలి. గింజ దొరక్కపోతే కాడ ముక్క చాలు. కణుపు తడిమట్టికి తగిలిందంటే వేరు పడుతుంది. మట్టి ఎప్పుడూ తడిగా ఉండాలి. చిత్తిరై ఎండలకు మధ్యాహ్నం కొంచెం నీడ ఇవ్వండి. కూరకైతే పూత రాకముందే, మొదట రెండు మూడు వేళ్ళ ఎత్తు వదిలి కోయండి, మళ్ళీ చిగురిస్తుంది. ఒకటి రెండు కాడలు మాత్రం గింజకు వదలండి.

పసుపు పూల రకం కూడా ఉంది, దాన్ని కాడతోనే పెంచుతారు. ఇక్కడ జాగ్రత్త. నర్సరీల్లో, రోడ్ల మధ్యన అందానికి పెంచే పసుపు పూల తీగ ఒకటుంది. దాని ఆకు నిగనిగలాడుతూ, మూడు కొసలుగా చీలి ఉంటుంది. అది అమెరికా ఖండం నుంచి వచ్చిన వేరే జాతి. దాన్ని కూర వండవద్దు. అనుమానం వస్తే తెలిసిన పెద్దవారికి చూపించండి.

చివరగా, కుండీ మీద పేరు తెలుగు అక్షరాలతో రాయండి. 2006 చట్టంతో తమిళం తప్పనిసరి అయ్యాక బడిలో తెలుగు నేర్చుకునే దారి మన పిల్లలకు ఇరుకైంది. తమిళంతో మనకు తగువు లేదు, అది మనకు అన్నం పెట్టిన భాష. కానీ 1529లో విశ్వనాథ నాయకుడు మదురైకి వచ్చిన కాలానికి ముందూ వెనకా ఇక్కడికి చేరిన మన భాషను ఇన్ని తరాలు నిలబెట్టింది వంటిల్లూ పెరడే. మేము మా పిల్లలతో రోజూ ఆ కుండీకి నీళ్ళు పోయిస్తున్నాము. "గలగరాకుకు నీళ్ళు పోశావా?" అని అడుగుతాము. వాళ్ళు తెలుగులోనే జవాబు చెప్తారు.

మీ ఊళ్ళో, మీ ఇంట్లో దీన్ని ఏమంటారు? పెద్దవారిని అడిగి కింద రాయండి. గింజలు కావాల్సినవారు చెప్పండి, వచ్చే కూటానికి పొట్లాలు కట్టి తెస్తాము.