పాల లెక్క ఫైలు చదివేటప్పుడు

మీలో చాలామంది ఈపాటికి పైథాన్ మొదలుపెట్టే ఉంటారు. ప్రింట్ వచ్చింది, ఇఫ్ వచ్చింది, ఫర్ లూప్ వచ్చింది. లిస్టులు మీరే రాసుకున్నారు, మీరే కూడారు, జవాబు సరిగ్గా వచ్చిందని మురిశారు. ఇప్పుడు ఎవరో ఒక ఫైలు చేతిలో పెట్టి, "ఇందులోంచి లెక్క తీసిపెట్టమ్మా" అన్నారు. ప్రోగ్రామింగ్ అసలు అక్కడ మొదలవుతుందని నేను నమ్ముతాను. ఇంతవరకు డేటా మనం చెప్పినట్టు విన్నది. ఇకమీదట వేరే మనిషి, వేరే మిషను, ఏదో తొందరలో రాసిన అక్షరాలు వచ్చి మన ముందు కూర్చుంటాయి. వాటితో పరిచయం ఎలా చేసుకోవాలో ఈసారి చెప్పుకుందాం.

చేతికి అందే లెక్క ఒకటి తీసుకుందాం. ఊళ్లో పాల కేంద్రం. పొద్దున, సాయంత్రం రైతులు పాలు పోస్తారు. ఎన్ని లీటర్లు పోశారు, వెన్న శాతం ఎంత అన్నదాన్ని బట్టి డబ్బులు. ఆ వివరాలు ఒక టెక్స్ట్ ఫైల్లో ఇలా ఉన్నాయనుకోండి:

తేదీ,పూట,పేరు,లీటర్లు,వెన్న
03/04/2024,ఉదయం,సుబ్బారావు,4.5,6.2
03/04/2024,ఉదయం,లక్ష్మమ్మ,6,7.1

నెలాఖరుకు ఎవరెవరు ఎన్ని లీటర్లు పోశారో తేల్చాలి. వెంటనే కోడ్ రాయడానికి చెయ్యి లాగుతుంది, తెలుసు. కాస్త ఆగండి. ముందు ఆ ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరిచి పైనుంచి కిందికి చూడండి. మొదటి పది వరుసలు, చివరి పది వరుసలు, మధ్యలో ఎక్కడో కొన్ని. ఎక్సెల్‌లో తెరవకండి. ఫైల్లో ఏముందో ఎక్సెల్ చూపించదు, ఉన్నదాన్ని తాను ఎలా అర్థం చేసుకుందో చూపిస్తుంది. విజయవాడ ఎస్టీడీ కోడు 0866 అక్కడ 866 అయిపోతుంది. అది కూడడానికి వాడే సంఖ్య కాదని, ముందున్న సున్నా లేకపోతే ఫోన్ కలవదని దానికెలా తెలుస్తుంది? జన్యుశాస్త్రవేత్తలకు ఇదే తిప్పలు వచ్చాయి. మనిషి జన్యువుల్లో మార్చ్1, సెప్ట్2 అనే పేర్లుండేవి. ఎక్సెల్ వాటిని మార్చి ఒకటో తేదీగా, సెప్టెంబరు రెండో తేదీగా మార్చేసేది. ఎక్సెల్ జాబితాలు జతచేసిన జన్యు పరిశోధన పత్రాల్లో దాదాపు అయిదో వంతులో ఇలాంటి తప్పులున్నాయని 2016లో ఒక పరిశీలన తేల్చింది. చివరికి 2020లో ఆ జన్యువుల పేర్లే మార్చేశారు. అప్పటికి సాఫ్ట్‌వేర్ అలవాటు మారలేదు, శాస్త్రమే పేరు మార్చుకుంది! నాకిది ఎప్పుడు తలుచుకున్నా బాధగానే ఉంటుంది.

సరే, ఇప్పుడు మొదటి ప్రోగ్రాం. ఓపెన్‌తో ఫైలు తెరిచారు, ఫర్ లూప్‌తో ఒక్కో వరుస తీసి ప్రింట్ చేశారు. తెర మీద ప్రతి వరుస తర్వాత ఒక ఖాళీ వరుస! ఫైల్లో అది లేదు కదా, ఎక్కణ్నుంచి వచ్చింది?

ఫైలు లోపల వరుసలు లేవు. ఒక చివర నుంచి ఇంకో చివర దాకా ఒకే బారున బైట్లున్నాయి. "ఇక్కడితో వరుస అయిపోయింది" అని చెప్పేందుకు మధ్యమధ్య ఒక గుర్తు ఉంటుంది, దాని సంఖ్య 10. పైథాన్ వరుసను మీకిచ్చేటప్పుడు ఆ గుర్తుతో సహా ఇస్తుంది. ప్రింట్ తనవంతు ఇంకోటి చేరుస్తుంది. అందుకే ఖాళీ. విండోస్‌లో తయారైన ఫైళ్లలో 13, 10 అని జంటగా ఉంటాయి. ఇది టెలిప్రింటర్ల కాలం నాటి సంగతి. అక్షరాలు కొట్టే బండి ఎడమ అంచుకు వెనక్కి రావడానికి ఒక ఆజ్ఞ, కాగితం ఒక వరుస పైకి జరగడానికి ఇంకో ఆజ్ఞ. మిషన్లు పోయాయి, వాటి ఆజ్ఞలు మన ఫైళ్లలో ఉండిపోయాయి. యూనిక్స్ వాళ్లు ఒక్క 10తో సరిపెట్టుకున్నారు, విండోస్ రెండూ ఉంచుకుంది. పైథాన్ మామూలుగా రెంటినీ కలిపి ఒకటిగానే చూపిస్తుంది కనుక మీకు పెద్ద ఇబ్బంది రాదు.

ఆ గుర్తును తీసెయ్యడానికి అందరూ స్ట్రిప్ వాడమంటారు. వాడండి, కానీ అది రెండు వైపులా ఉన్న ఖాళీలన్నీ ఊడ్చేస్తుందని గుర్తుంచుకోండి. కామాల బదులు ట్యాబ్‌లున్న ఫైల్లో చివరి గడి ఖాళీగా ఉంటే ఆ ట్యాబ్ కూడా పోతుంది. అయిదు ముక్కలు రావలసిన చోట నాలుగే వస్తాయి. అలాంటి ఫైలుకు కుడి చివర ఉన్న ఆ ఒక్క గుర్తునే తీసెయ్యమని ఆర్‌స్ట్రిప్‌కు చెప్పడం మంచిది.

తర్వాత స్ప్లిట్. కామా దగ్గర విరవమంటే వరుస అయిదు ముక్కలవుతుంది. లీటర్లది మూడో నంబరు ముక్క, లెక్క సున్నా నుంచి కదా. సుబ్బారావు గారి 4.5, లక్ష్మమ్మ గారి 6 కలిపితే 10.5 రావాలి. మీకు 4.56 వస్తుంది. కంప్యూటర్ తప్పు కూడలేదు, అసలు కూడనే లేదు. రెండు మాటల్ని పక్కపక్కన అతికించింది. ఫైల్లోంచి వచ్చిందేదైనా సరే, అంకెల్లా కనిపించినా సరే, మీరు ఫ్లోట్ అనో ఇంట్ అనో పిలిచేదాకా అది మాటే. పేర్చమని చూడండి, ఇంకా బాగా తెలుస్తుంది. 10.5 ముందుకొచ్చి 9.2 వెనక నిలబడుతుంది, 1 అనే అక్షరం 9 కన్నా ముందుంది కనుక. గమనించండి, ఈ రెండు చోట్లా ఎర్రర్ రాలేదు. జవాబు మాత్రం తప్పు.

ఇక్కడ మీకో ముచ్చట చెప్పాలి. తెలుగు అంకెల్లో ౧౨౩ అని రాసి ఇంట్‌కు ఇచ్చి చూడండి. పైథాన్ చక్కగా 123 అంటుంది. లిపులన్నిటి అక్షరాల పట్టిక అయిన యూనికోడ్‌లో ప్రతి లిపి అంకెకూ దాని విలువ రాసిపెట్టి ఉంది, పైథాన్ దాన్ని గౌరవిస్తుంది. కానీ మనం రోజూ రాసే 1,25,000 ఇస్తే మాత్రం ససేమిరా ఒప్పుకోదు. ముందు కామాలు తీసెయ్యాలి.

కామా అంటే గుర్తొచ్చింది. గడిలోనే కామా ఉంటే స్ప్లిట్ గతేమిటి? 1,25,000 అని ఉన్న గడి మూడు ముక్కలై, దాని పక్కనున్నవన్నీ పక్కకు జరిగిపోతాయి. అందుకే అలాంటి గడికి రెండు వైపులా కొటేషన్ గుర్తులు పెట్టే ఆనవాయితీ వచ్చింది. కొటేషన్ల మధ్య కామా ఉండొచ్చు, వరుస తెంపు కూడా ఉండొచ్చు. అంటే ఫైల్లో ఒక వరుస ఒక రైతు లెక్కే అన్న భరోసా కూడా లేదు. ఇలా కామాలతో విడదీసిన సీఎస్‌వీ ఫైళ్లు 1970ల నుంచే వాడుకలో ఉన్నా, ఈ ఆనవాయితీలను ఆర్‌ఎఫ్‌సీ 4180 అనే పత్రంగా రాసుకున్నది 2005లో. అప్పటికే ఎవరి పద్ధతి వాళ్లది అయిపోయింది. కాబట్టి స్ప్లిట్‌తో నేర్చుకోండి, పని మాత్రం పైథాన్‌తోపాటే వచ్చే సీఎస్‌వీ మాడ్యూల్‌కు అప్పగించండి. అది 2003 నుంచి ఈ మెలికలన్నీ చూస్తూ వస్తోంది.

ఇక మన భాష దగ్గరికొద్దాం. తెలుగులో ఉన్న ఫైలును తెరిస్తే కొన్నిసార్లు పేర్ల స్థానంలో తలమీద గీత ఉన్న ఇంగ్లిష్ ఏ, ఉష్ణోగ్రత పక్కన వేసే చిన్న సున్నా, కూడిక కింద గీత ఉన్న గుర్తు, మళ్లీ అదే ఏ, మళ్లీ అదే సున్నా వరుసగా కనిపిస్తాయి. ఫైలు పాడైందని చాలామంది దాన్ని పారేస్తారు. అది ఏమాత్రం పాడవలేదు. అక్షరాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు అక్షరం, గుణింతపు గుర్తు, పొల్లు ఒక్కొక్కటీ మూడు బైట్లు. మొదటి బైటు ఎప్పుడూ 224, రెండోది 176 గానీ 177 గానీ. ఈ బైట్లను విండోస్ పాత పాశ్చాత్య పట్టికతో చదివితే 224 అంటే గీత ఉన్న ఏ, 176 అంటే చిన్న సున్నా, 177 అంటే కూడిక కింద గీత. ఆ మూడూ మాటిమాటికీ కనిపిస్తున్నాయంటే లోపల తెలుగు క్షేమంగా ఉందన్నమాటే. మీరు చెయ్యాల్సింది ఒక్కటే, ఓపెన్‌లో ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని స్పష్టంగా రాయడం. రాయకపోతే విండోస్‌లో పైథాన్ చాలాకాలం పాటు ఆ పాత పట్టికనే పట్టుకునేది. అందుకని ఎప్పుడూ రాయండి.

ఈ యూటీఎఫ్-8ను కెన్ థామ్సన్, రాబ్ పైక్ 1992 సెప్టెంబరులో న్యూజెర్సీలో ఒక హోటల్లో భోజనం చేస్తూ, కంచం కింద పరిచే కాగితం మీద రూపొందించారు. మన పేరు మన లిపిలో ఏ దేశపు కంప్యూటర్‌కైనా పంపగలుగుతున్నామంటే అందులో ఆ కాగితానికి పెద్ద వాటా ఉంది.

లక్ష్మమ్మ గారి పేరే చూడండి. కంటికి మూడక్షరాలు. పైథాన్‌ను పొడవు అడిగితే 9 అంటుంది, పొల్లులతో సహా విడివిడిగా లెక్కపెడుతుంది కనుక. ఫైల్లో ఆమె పేరు 27 బైట్లు. పేరు గడికి 20 బైట్లు చాలని ఎవరైనా అనుకుని కత్తిరిస్తే ఒక అక్షరం సగంలో తెగుతుంది.

ఇంకో చిక్కుంది, ఇది తెలుగు లాంటి లిపుల ఫైళ్లతో పనిచేసేవాళ్లకు ఎదురయ్యేది. మహేష్ అనే పేరు చివర పొల్లు తర్వాత కంటికి కనిపించని ఒక గుర్తు ఉండొచ్చు. అక్షరాలు అతుక్కోకుండా ఆపడానికి కీబోర్డులు దాన్ని వేస్తాయి. ఉదయం లెక్కలో ఆ గుర్తు ఉండి, సాయంత్రం లెక్కలో లేకపోతే, తెర మీద రెండూ ఒకటే, ప్రోగ్రాంకు మాత్రం ఇద్దరు మహేష్‌లు. స్ట్రిప్ దాన్ని తాకను కూడా తాకదు, అది ఖాళీ కాదు కనుక. ఎక్సెల్ యూటీఎఫ్-8గా దాచిన సీఎస్‌వీ మొదట్లోనూ ఇలాంటి కనిపించని గుర్తే ఒకటి కూర్చుంటుంది. అందువల్ల "తేదీ" అనే గడి ఎదురుగా కనిపిస్తున్నా ఆ పేరుతో ఏమీ లేదని పైథాన్ అంటుంది. దానికి యూటీఎఫ్-8-సిగ్ అని రాస్తే చాలు. ఏది దాక్కుందో చూడాలంటే మామూలు ప్రింట్ పనికిరాదు. రెప్ర్ అనే ఫంక్షన్‌లో పెట్టి ప్రింట్ చెయ్యండి, కనిపించనివన్నీ బయటపడతాయి. కొత్తగా నేర్చుకునేవాళ్లకు ఒక్క ఫంక్షన్ పేరే చెప్పమంటే నేను దీన్నే చెబుతాను.

ఇప్పుడు అన్నిటికంటే నాకు పట్టింపున్న విషయం. ఒక వరుసలో వెన్న గడి ఖాళీగా ఉంది. ఫ్లోట్ దగ్గర ప్రోగ్రాం ఆగిపోయింది. మీకు చిరాకేసింది. ఎర్రర్ వస్తే పట్టుకునే ట్రై పెట్టి, ఎక్సెప్ట్ దగ్గర సున్నా వేసి పొమ్మన్నారు. లేదా పాస్ అని రాసి ఆ వరుసనే దాటేశారు. ప్రోగ్రాం చివరిదాకా హాయిగా పరుగెత్తింది. ఆ పూట బహుశా మిషను పనిచెయ్యలేదు, వెన్న కొలవలేదు. మీరు వేసిన సున్నాతో ఆ నెల లక్ష్మమ్మ గారి వెన్న సగటు పడిపోయింది, డబ్బు తగ్గింది. ఎక్కడ తగ్గిందో ఆమెకూ తెలియదు, మీకూ తెలియదు. ఆగిపోయిన ప్రోగ్రాం మీకు మేలు చేయబోయింది, మీరు దాని నోరు నొక్కేశారు.

2020 అక్టోబరు మొదట్లో ఇంగ్లాండులో ఇలాంటిదే పెద్ద ఎత్తున బయటపడింది. ల్యాబుల నుంచి కోవిడ్ ఫలితాలు సీఎస్‌వీ ఫైళ్లుగా వచ్చేవి. వాటిని అక్కడి ప్రజారోగ్య సంస్థ పాత రకం ఎక్సెల్ షీట్లలోకి ఎక్కించేది. ఆ షీటులో 65,536 వరుసలే పడతాయి. ఆపై వచ్చిన వరుసలు ఊరికే రాలిపోయాయి. సెప్టెంబరు 25 నుంచి అక్టోబరు 2 లోపు 15,841 కేసులు లెక్కలోకి రాలేదు. జబ్బు ఉందని ఆ మనుషులకు కబురందింది గానీ, వాళ్లను కలిసినవాళ్లను వెతకడం ఆలస్యమైంది. వచ్చిన వరుసలెన్ని, షీటులోకి ఎక్కినవెన్ని అని రెండు సంఖ్యలు పక్కపక్కన పెట్టి చూస్తే ఆ రోజే తెలిసిపోయేది.

మీ చిన్న ప్రోగ్రాంలోనూ అది పెట్టుకోండి. చదివిన వరుసలు, లెక్కలోకి తీసుకున్నవి, పక్కన పెట్టినవి అని మూడు సంఖ్యలు చివర్లో ప్రింట్ కావాలి. పక్కన పెట్టిన ప్రతి వరుసకూ దాని నంబరు, రెప్ర్‌లో అది ఎలా కనిపిస్తోందో, ఎందుకు పక్కన పెట్టారో రాయించండి. ఫైలు చివర ఖాళీ వరుస ఉంటే అదీ అందులో కనిపిస్తుంది, ఫరవాలేదు. ఇందుకు పట్టేది నాలుగైదు లైన్ల కోడ్. సాధన చెయ్యడానికి తెలంగాణ ప్రభుత్వ ఓపెన్ డేటా పోర్టల్లో సీఎస్‌వీ ఫైళ్లు బోలెడున్నాయి. పజిళ్లు ఇష్టమైతే 2015 నుంచి ప్రతి డిసెంబరూ వచ్చే అడ్వెంట్ ఆఫ్ కోడ్ ఉంది. అందులో ప్రతి పజిలూ ఒక టెక్స్ట్ ఇన్‌పుట్‌తో మొదలవుతుంది.

మన ఫైల్లో మొదటి గడిని ఇంతవరకు ముట్టుకోలేదు. 03/04/2024. ఏప్రిల్ 3 అని మనం అనుకున్నాం, అమెరికా అమరికతో పనిచేసే మిషనైతే మార్చి 4 అని రాసి ఉండొచ్చు. తేదీల నిలువు వరుస మొత్తం మీద మొదటి స్థానంలో 12 దాటిన సంఖ్య ఎక్కడైనా ఉందేమో వెతకండి. ఉంటే అది రోజు. రెండో స్థానంలో 12 దాటినది కనిపిస్తే మొదటిది నెల. రెండు చోట్లా కనిపిస్తే ఇద్దరు మనుషులో రెండు మిషన్లో ఆ ఫైలు రాసినట్టు. ఎక్కడా లేకపోతే కోడ్‌తో తేలేది కాదు, పాల కేంద్రంలో ఆ లెక్క రాసేవాళ్లకు ఫోన్ చేసి అడగండి.